చేయని పనికి బాధ్యులెవరు? నిర్లక్ష్యానికి బలైన యుద్ధనౌకలు

శత్రువు గుండో టార్పెడోయో తగిలి యుద్ధనౌక మునిగితే కారణం కోసం వెతుక్కోనక్కర్లేదు. శత్రువు దరిదాపుల్లో లేనప్పుడు, శాంతికాలంలో, సొంత రేవులోనో సొంత సముద్రంలోనో నౌక పోతే మాత్రం కారణం చెప్పడం కష్టమవుతుంది. 1963లో అమెరికా జలాంతర్గామి థ్రెషర్, 2000లో రష్యా జలాంతర్గామి కుర్స్క్, 2017లో అర్జెంటీనా జలాంతర్గామి శాన్ హువాన్, 2020లో అమెరికా నౌక బోనమ్ రిచర్డ్ ఇలాగే పోయాయి. విచారణ జరిగిన ప్రతిచోటా బయటపడింది ఒక పెద్ద తప్పు కాదు, జరగని చిన్న పనుల వరస. పరీక్షించని అతుకు, గడువు దాటిన తనిఖీ, విప్పి తిరిగి బిగించని పరికరం, చదవని హెచ్చరిక. చేసిన పనికి కర్త ఉంటాడు, ఫలితం ఉంటుంది. చేయని పనికి కర్త ఎవరు? చేయకపోవడం అసలు ఒక కారణం కాగలదా? కాగలిగితే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? భారతీయ దర్శనాలూ పాశ్చాత్య తత్త్వశాస్త్రమూ ఈ ప్రశ్నను ఓడలకు సంబంధం లేకుండానే శతాబ్దాలుగా చర్చించాయి. ఓడల దగ్గరికి వచ్చేసరికి అది పుస్తకాల ప్రశ్నగా మిగలదు. మనుషుల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటాయి.

ఉక్కుకు ఉప్పునీరు పడదు. ఓడను నీటిలోకి దించిన రోజు నుంచే తుప్పు తన పని మొదలుపెడుతుంది. అందుకే ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉక్కుకు బదులు అవి కరిగిపోతాయి, కరిగినవాటిని డ్రై డాక్‌లో మార్చాలి. వాల్వుల సీళ్లు గట్టిపడి పగులుతాయి. గొట్టాల అతుకులు ఒత్తిడికి అలసిపోతాయి. జలాంతర్గామి బ్యాటరీలు చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వదులుతాయి కాబట్టి ఆ గదుల్లో గాలి ఆడుతుండాలి, చుక్క ఉప్పునీరు చేరకూడదు. ఇవన్నీ తెలిసిన సంగతులే, ప్రతిదానికీ రాసిపెట్టిన గడువులున్నాయి. అయితే నౌకలోని పరికరాలు రెండు రకాలు. ఇంజను, రాడార్, వంటగది పొయ్యి రోజూ పనిచేయాలి. చెడితే ఆ పూటే తెలుస్తుంది, ఎవరో ఒకరు అరుస్తారు, బాగవుతుంది. మంటలార్పే నురుగు వ్యవస్థ, నీరు చొరబడకుండా మూసే తలుపు, ప్రమాదంలో పైకి తేలాల్సిన బోయా ఆపద వచ్చిన రోజునే పనిచేయాలి. అవి ఏళ్ల తరబడి చెడి ఉన్నా నౌక హాయిగా తిరుగుతూనే ఉంటుంది. నిర్లక్ష్యం ముందుగా చేరేది ఈ రెండో రకం పరికరాల్లోకే. నిర్లక్ష్యానికీ దాని ఫలితానికీ మధ్య నెలలో ఏళ్లో దూరం ఉండటం వల్లనే బాధ్యత ప్రశ్న ఇంత చిక్కుపడుతుంది.

బోనమ్ రిచర్డ్ 1998లో నౌకాదళంలో చేరింది. 257 మీటర్ల పొడవు, దాదాపు 40,000 టన్నుల బరువు, హెలికాప్టర్లనూ నిలువుగా దిగగల విమానాలనూ మెరైన్ సైనికులనూ మోసుకెళ్లే నౌక అది. 2018 చివరి నుంచి శాన్ డియాగో రేవులో పెద్ద ఎత్తున మరమ్మతులు జరుగుతున్నాయి. 2020 జూలై 12, ఆదివారం ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికి అడుగున వాహనాలు నిలిపే గదిలో మంట పుట్టింది. ఆ సమయానికి అక్కడ వాహనాలతో పాటు అట్టపెట్టెలు, బ్యాటరీలు, మరమ్మతుల కోసం తెచ్చిన సామాన్లు పోగుపడి ఉన్నాయి. ఆ దారిన వెళ్లిన ఒక యువ నావికురాలికి తెల్లని పొగమంచు లాంటిది కనిపించింది. పొగ వాసన రాలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు. అలా సుమారు పది నిమిషాలు గడిచిపోయాయి.

ఆ తర్వాత జరిగినదంతా ముందు పంతొమ్మిది నెలల్లో జరగని పనుల ఫలితమే. నౌకలోని ఫైర్ స్టేషన్లలో 87 శాతం మరమ్మతుల పేరుతో వాడుకలో లేని స్థితిలో ఉన్నాయి. వేడిని పసిగట్టే పరికరాలు, లోపలి సమాచార వ్యవస్థ దెబ్బతిని ఉన్నాయి. మంటలార్పే అభ్యాసాలు పేరుకు జరిగాయి గానీ, నిర్ణీత సమయంలో మంట మొదలుదాకా నీళ్లో నురుగో చేర్చడంలో సిబ్బంది వరసగా పద్నాలుగు సార్లు విఫలమయ్యారు. ఆ గదిని నురుగుతో నింపే వ్యవస్థ నౌకలో ఉంది. ఒక మీట నొక్కితే చాలు. ఆ మీటను ఎవరూ నొక్కలేదు. ఆ వ్యవస్థను సిద్ధంగా ఉంచే పని సరిగా జరగలేదు, అది ఉందనీ వాడవచ్చనీ సిబ్బందిలో తగినంతమందికి తెలియదు. పదకొండు గంటలు కావస్తుండగా పెద్ద పేలుడు జరిగింది. నాలుగు రోజులకు పైగా నౌక తగలబడింది. ప్రాణనష్టం జరగలేదు, అరవై మందికి పైగా గాయపడ్డారు. బాగుచేయాలంటే 250 కోట్ల నుంచి 320 కోట్ల డాలర్లు కావాలని లెక్క తేలడంతో 2021 ఏప్రిల్‌లో నౌకను సేవ నుంచి తప్పించి, 36.6 లక్షల డాలర్లకు తుక్కు కింద అమ్మేశారు.

మంట ఎవరో పెట్టారని నౌకాదళం భావించింది. ఒక యువ నావికుడి మీద కేసు నడిచింది. 2022 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అంతకు ఏడాది ముందే వెలువడిన విచారణ నివేదిక మాత్రం ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. మంట ఎలా పుట్టినా, నౌక పోయింది ఆ మంటను ఆర్పలేకపోవడం వల్ల. మంట పుట్టడం ఒక సంఘటన, నౌక పోవడం ఇంకో సంఘటన. రెంటి మధ్యా నిలబడవలసింది నిలబడలేదు. ఈ తేడాను ఇంత కచ్చితంగా పట్టుకోవడమే ఆ నివేదిక గొప్పదనం.

న్యాయదర్శనం సరిగ్గా ఇక్కడ ఉపయోగపడుతుంది. నిప్పుకు వస్తువును కాల్చే స్వభావం ఉంది. అయినా ఒక మణి దగ్గరుంటే నిప్పు కాల్చదనీ, మణిని తీసేస్తే కాలుస్తుందనీ పాత కాలపు ఉదాహరణ ఒకటుంది. అప్పుడు కాలడానికి కారణం ఏమిటి? నిప్పులో శక్తి అనే కనిపించని పదార్థం ఉంటుందనీ, మణి ఆ శక్తిని అణచివేస్తుందనీ మీమాంసకులు అన్నారు. ఉదయనాచార్యుడూ ఆయన దారిలో నడిచిన నైయాయికులూ అలాంటి శక్తిని ఒప్పుకోలేదు. నిప్పు ఎంత కారణమో, మణి లేకపోవడం కూడా అంతే కారణమని వాదించారు. దానికే ప్రతిబంధకాభావమని పేరు. అంటే ఒక అడ్డు లేకపోవడం దానంతట అదే కారణసామగ్రిలో భాగం. బోనమ్ రిచర్డ్ విషయంలో నురుగు వ్యవస్థే ఆ మణి. అది పనిచేసే స్థితిలో లేకపోవడం నౌక కాలడానికి కారణాల్లో ఒకటి. ఏదో అలంకారంగా కాదు, అసలైన అర్థంలోనే కారణం.

అభావాన్ని ఉత్త శూన్యంగా చూడకపోవడమే నైయాయికుల విశిష్టత. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కించి దాన్ని నాలుగు రకాలుగా విభజించాడు. వాటిలో రెండు ఓడల మరమ్మతుల గురించే చెప్పినట్టుంటాయి. ఒకటి ప్రాగభావం, వస్తువు పుట్టకముందు లేకపోవడం. ఇంకొకటి ప్రధ్వంసాభావం, ఉన్నది నశించాక లేకపోవడం. సిబ్బందికి ఎన్నడూ నేర్పని విద్య మొదటి రకం. మరమ్మతు కోసం విప్పి తిరిగి పెట్టని హోస్ పైపు రెండో రకం. పైగా ఏ అభావానికైనా రెండు ప్రశ్నలకు జవాబుండాలి. ఏది లేదు? ఎక్కడ లేదు? ఆ రెండూ చెప్పలేని లేమికి అర్థం లేదు. విచారణ సంఘాలు చేసేది కూడా ఇదే పని. "నిర్లక్ష్యం జరిగింది" అని ఊరుకునే నివేదిక పనికిరానిది. ఏ గదిలో, ఏ వాల్వు, ఏ తేదీ నుంచి లేదో చెప్పిన నివేదికే సత్యాన్ని పట్టుకున్నట్టు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. తోటమాలి నీళ్లు పోయక మొక్క ఎండిపోతే, నీళ్లు పోయనివాడు తోటమాలి ఒక్కడే కాదు. ఊళ్లో ఎవరూ పోయలేదు. లేమి అందరిదీ సమానమే అయితే తప్పు తోటమాలిదే అని ఎందుకంటాం? కారణకార్య సంబంధం ఒక్కదానితో దీనికి జవాబు దొరకదు. నీళ్లు పోయవలసిన బాధ్యత ఎవరిదన్న మూడో ప్రశ్న కావాలి. ఏది లేదు, ఎక్కడ లేదు అన్న రెంటికీ తర్కం జవాబిస్తుంది. ఎవరు చేయవలసి ఉండగా లేదు అన్నదానికి ధర్మం జవాబివ్వాలి. నిర్లక్ష్యమంటే ఉత్త అభావం కాదు. చేయవలసినవాడి చేతిలో జరగని పని అది.

దీనికి గట్టి ఆక్షేపణ శంకరాచార్యుల నుంచి వస్తుంది. సంధ్యావందనం, అగ్నిహోత్రం వంటి నిత్యకర్మలు చేయకపోతే ప్రత్యవాయం, అంటే దోషం కలుగుతుందని కర్మవాదులు చెప్పేవారు. చేయకపోవడమంటే అభావమే కదా, అభావం నుంచి భావరూపమైన దోషం ఎలా పుడుతుందని శంకరులు గీతాభాష్యంలోనూ తైత్తిరీయ భాష్యంలోనూ నిలదీశారు. లేనిదాని నుంచి ఉన్నది పుట్టదన్నది ఛాందోగ్యం నుంచి వస్తున్న మాట. మరి స్మృతులు చేయనివాడికి దోషం చెబుతున్నాయి కదా అంటే, తైత్తిరీయ భాష్యంలో ఆయన ఇచ్చిన సమాధానం చాలా లోతైనది. చేయకపోవడం కొత్త దోషాన్ని పుట్టించదు, లోపల అప్పటికే పేరుకుని ఉన్న దోషానికి అది గుర్తు.

శంకరుల ఉద్దేశం జ్ఞానమార్గాన్ని సమర్థించడం, ఓడల నిర్వహణ కాదు. అయినా ఆ సమాధానాన్ని రేవుకు తీసుకొస్తే కొత్త వెలుగు పడుతుంది. నౌకలో ఒక తనిఖీ జరగలేదంటే, ఆ తనిఖీ జరగకపోవడంతోనే నౌక చెడిపోవడం మొదలైందని కాదు. అంతకు ముందే ఆ సంస్థలో ఏదో చెడింది, జరగని తనిఖీ దాని ఆనవాలు. బోనమ్ రిచర్డ్‌లో పద్నాలుగు సార్లు విఫలమైన అభ్యాసాన్ని అలాగే చదవాలి. మొదటిసారి విఫలమైతే నేర్చుకోవాల్సింది ఉందని అర్థం. పద్నాలుగోసారీ విఫలమైనా ఎవరూ కంగారు పడలేదంటే, చెడింది అభ్యాసం కాదు, దాన్ని పట్టించుకునే మనసు. ఆక్షేపణలోని తర్కభాగానికి కూడా జవాబు ఉంది. ఆధునిక నౌకాదళంలో చేయకపోవడం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ప్రతి వాయిదా వెనక ఒక సంతకం ఉంటుంది. "తనిఖీ చేయబడినది" అని రాసిన ఒక గడి, బయలుదేరమన్న ఒక ఆజ్ఞ, ఒక ఓడలోని భాగాన్ని విప్పి ఇంకో ఓడకు బిగించమన్న ఒక ఉత్తర్వు ఉంటాయి. ఇవన్నీ భావరూపమైన కర్మలే. అభావం నుంచి దోషం పుట్టదన్నా సరే, ఈ సంతకాల నుంచి పుట్టక తప్పదు.

ఫలితం రాకపోతే నిర్లక్ష్యం తప్పవుతుందా? చాలా నౌకలు అరకొర మరమ్మతులతో వెళ్లి క్షేమంగానే తిరిగొస్తాయి. ఈ ప్రశ్న మీద అన్నింటికన్నా నిక్కచ్చిగా మాట్లాడినవారు జైనులు. అనంతపురం జిల్లా కొనకొండ్ల జన్మస్థలమని సంప్రదాయం చెప్పే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఒక కఠినమైన సూత్రం పెట్టాడు. జీవి చచ్చినా బతికినా, ఏమరుపాటుతో నడిచేవాడికి హింస తప్పదు. జాగ్రత్తగా నడిచేవాడి కాలి కింద పడి జీవి చచ్చినా అతనికి కర్మబంధం లేదు. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి కూడా హింసను నిర్వచించేటప్పుడు ప్రాణం పోవడానికి ముందు ప్రమత్తతనే నిలిపాడు. ఈ కొలబద్దతో చూస్తే క్షేమంగా తిరిగొచ్చిన నిర్లక్ష్యపు ఓడకూ మునిగిన ఓడకూ నేరంలో తేడా లేదు. తేడా అంతా అదృష్టంలోనే.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఇదే మాట పూర్తిగా వేరే దారిలో పుట్టింది. గణితవేత్త డబ్ల్యు. కె. క్లిఫర్డ్ 1877లో ప్రచురించిన విశ్వాసనీతి వ్యాసాన్ని ఒక ఓడ యజమానితో మొదలుపెట్టాడు. ఓడ పాతది, ఎన్నోసార్లు మరమ్మతు చేసినది. ప్రయాణానికి ముందు పూర్తిగా తనిఖీ చేయించాలేమోనని యజమానికి అనుమానం కలిగింది. ఖర్చు గుర్తొచ్చి, ఇన్నిసార్లు వెళ్లి వచ్చింది కదా, ఈసారీ వస్తుందని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. వలస వెళ్తున్న కుటుంబాలతో ఓడ నడిసముద్రంలో మునిగింది. ఓడ గట్టిదని అతను మనస్ఫూర్తిగానే నమ్మాడు, అయినా దోషి, ఎందుకంటే అలా నమ్మే హక్కు అతనికి లేదని క్లిఫర్డ్ తీర్పు. ఓడ మునగకుండా గమ్యం చేరినా దోషం అణువంత తగ్గదని కూడా చెప్పాడు. ఆ మాటలు కుర్చీలో కూర్చున్నవాడి ఊహలు కావు. 1870లో సూర్యగ్రహణం చూడటానికి వెళ్తూ సిసిలీ తీరంలో ఓడ దెబ్బతిన్నప్పుడు అందులో ఉండి బయటపడినవాడు క్లిఫర్డ్. తుప్పుపట్టిన ఓడలను బీమా ధైర్యంతో సముద్రం మీదికి పంపే యజమానుల మీద శామ్యూల్ ప్లిమ్సాల్ పార్లమెంటులో పోరాడి 1876 చట్టం తెప్పించిన రోజులు కూడా అవే.

దీనికి ఎదురు నిలిచే వాదం తత్త్వవేత్త థామస్ నేగెల్‌ది. బ్రేకులు తనిఖీ చేయించకుండా లారీ నడిపినవాడి ముందుకు పిల్లవాడు పరిగెత్తుకొస్తే అతని జీవితమే మారిపోతుంది. అదే నిర్లక్ష్యంతో నడిపి, ఎవరూ అడ్డురాక ఇంటికి చేరినవాడికి తన తప్పు గుర్తు కూడా ఉండదు. నీతికి అదృష్టంతో పని లేదంటాం, అయినా మనం మనుషులను తూచేది ఫలితాన్ని బట్టే అని నేగెల్ ఎత్తిచూపాడు. మనుషుల మనసు అలాగే ఉంటుందన్నది నిజమే. కానీ నౌకాదళం వంటి సంస్థకు అది సరిపోదు. ఫలితం వచ్చాకే తప్పును గుర్తించే సంస్థ, ఫలితం వచ్చేదాకా తప్పును పెంచి పోషిస్తుంది. ఇక్కడ కుందకుందాచార్యుడి మాటే ఆచరణలో నిలబడుతుంది.

తెలియక జరిగిందన్న వాదం తరచూ వినిపిస్తుంది. తన అజ్ఞానానికి తానే కారణమైనవాడిని చట్టం శిక్షిస్తుందని, అజాగ్రత్త వల్ల తెలుసుకోనివాడు ఆ కోవలోకే వస్తాడని అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో చెప్పాడు. కుర్స్క్ దుర్ఘటన ఆ మాటకు నిదర్శనం. 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో ఒక అభ్యాస టార్పెడో నుంచి గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ కారి పేలింది. రెండు నిమిషాల పదిహేను సెకన్ల తర్వాత మిగతా టార్పెడోలు పేలాయి. 118 మంది చనిపోయారు. ఆ ఇంధనం ఎంత ప్రమాదకరమో కొత్తగా తెలుసుకోవాల్సినది కాదు. 1955లో బ్రిటిష్ జలాంతర్గామి సైడన్‌లో అలాంటి టార్పెడోయే పేలి 13 మంది చనిపోయారు, బ్రిటన్ ఆ ఇంధనాన్ని వదిలేసింది. కుర్స్క్‌లో ప్రమాదస్థలాన్ని చూపుతూ పైకి తేలాల్సిన బోయాను విడుదల కాకుండా ముందే నిలిపివేశారు. వెనక గదిలో 23 మంది కొంతసేపు బతికే ఉన్నారు. పాతబడిన పరికరాలను, క్రమశిక్షణ లోపాలను అధికారిక దర్యాప్తు ఒప్పుకుంది. అయినా 2002లో ఎవరి మీదా నేరం మోపకుండా కేసు మూసేశారు. తెలిసీ తెలియనట్టుండటాన్ని అజ్ఞానం కింద లెక్కగట్టినప్పుడు న్యాయం అలాగే ముగుస్తుంది.

శాన్ హువాన్ కథ కూడా ఆ తీరుదే, బ్యాటరీలకు ఉప్పునీరు చేరకూడదన్నది అక్కడా తెలిసిన సంగతే. 2017 నవంబరు 15న, స్నార్కెల్ గుండా చొరబడిన నీరు బ్యాటరీలకు చేరి షార్ట్ సర్క్యూట్ అయిందని కెప్టెన్ తీరానికి తెలిపాడు. తర్వాత సంబంధం తెగిపోయింది. 44 మంది పోయారు. ఏడాది తర్వాత 900 మీటర్లకు పైగా లోతులో శిథిలాలు దొరికాయి.

ఇలాంటి చోట్ల మనుషులు చెడ్డవారై తప్పు చేయరు. చిన్న లోపంతో ఒకసారి ప్రయాణం గడిచిపోతుంది. మరుసటిసారి ఆ లోపమే ప్రమాణమైపోతుంది. 1986లో చాలెంజర్ అంతరిక్షనౌక పేలుడును పరిశోధించిన సమాజశాస్త్రవేత్త డయాన్ వాన్, దారి తప్పడం క్రమంగా మామూలు సంగతిగా మారిపోయే ఈ తీరును 1996లో తన పుస్తకంలో వివరించింది. క్లిఫర్డ్ ఓడ యజమాని ఒక్కడే తన మనసుకు నచ్చజెప్పుకున్నాడు. వాన్ చూపిన సంస్థలో వందలమంది ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు, కాగితాల మీద, సమావేశాల్లో, మంచి మనసుతో. "ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా" అన్న మాట రేవుల్లో వినిపించినంత ప్రమాదకరంగా ఇంకెక్కడా వినిపించదు.

డబ్బు లేదు, నౌకలు చాలవు, సముద్రంలో పని ఆగదు. ఈ సమర్థనను తేలిగ్గా తోసిపుచ్చడం న్యాయం కాదు. 2006లో రీఫిట్ కోసం విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు వచ్చిన భారత జలాంతర్గామి సింధుకీర్తి మళ్లీ సముద్రంలోకి వెళ్లింది 2015లో. ఒక జలాంతర్గామి తొమ్మిదేళ్లు రేవులో ఉండిపోతే దాని వంతు గస్తీ మిగతావాటి మీద పడుతుంది, వాటి మరమ్మతుల గడువులూ జరిగిపోతాయి. అప్పుడు కెప్టెన్ ముందుండేది మంచికీ చెడుకూ మధ్య ఎంపిక కాదు. రెండు చెడుల్లో ఒకటి ఎంచుకోవాలి. మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మం పేరుతో ఒక భాగమే ఉంది. ఆపదలో మామూలు నియమాలు సడలుతాయని ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. అయితే ఆపద గడిచాక ఆ సడలింపు కూడా పోవాలి. ఏళ్ల తరబడి సాగే ఆపద్ధర్మం ధర్మంగా మిగలదు, అదే అలవాటవుతుంది. యుద్ధ సమయంలో ఒక తనిఖీ వదిలేసి బయలుదేరిన కెప్టెన్‌ను ఎవరూ తప్పుపట్టరు. శాంతికాలంలో బడ్జెట్టు తర్వాత బడ్జెట్టులో అదే తనిఖీని వాయిదా వేసినవారు ఆపదను సాకుగా చూపలేరు. ఆ ఆపదను తెచ్చిపెట్టినవారు వారే.

డబ్బు ఎటు పోతుందన్నది ఏది గౌరవమో చెప్పే విషయం కూడా. కొత్త నౌకను నీటిలోకి దించే రోజు మంత్రులు, బ్యాండు మేళం, ఫోటోలు ఉంటాయి. పాత నౌక వాల్వులు మార్చిన రోజు ఎవరూ రారు. మన తామ్రశాసనాల్లో దానం వివరాల తర్వాత చివరన తరచూ కనిపించే మాట దీనికి పూర్తిగా వ్యతిరేకం. తాను ఇచ్చిన దానం కన్నా ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం రెట్టింపు పుణ్యమని అక్కడ చెక్కారు. ఆలయాల విషయంలో జీర్ణోద్ధారణకు ఆగమాలు ప్రత్యేక విధులు ఏర్పరిచాయి. కట్టినవాడి పేరు నిలుస్తుందని, కాపాడినవాడికి పేరు రాదని తెలిసే ఆ కాలపువారు పుణ్యం లెక్కను అటువైపు మొగ్గించారేమో. ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథలో, పలకలన్నీ మార్చేశాక అది అదే ఓడా అని తత్త్వవేత్తలు రెండు వేల ఏళ్లుగా తర్కిస్తున్నారు. కుళ్లిన పలకను సమయానికి గుర్తుపట్టి మార్చిన ఏథెన్సు వడ్రంగుల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. వారు లేకపోతే ఆ తర్కానికి ఓడే మిగిలేది కాదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, పాపం పంచుకునేవారు మరీ ఎక్కువమందైనప్పుడు ఏం చేయాలన్నది. బోనమ్ రిచర్డ్ నివేదిక నౌక సిబ్బంది నుంచి అడ్మిరళ్ల దాకా 36 మంది పేర్లు రాసింది. ప్రతి ఒక్కరి వాటా నిజమే, ఏ ఒక్కరి వాటాతోనూ నౌక పోలేదు. రాజనీతి శాస్త్రవేత్త డెనిస్ థాంప్సన్ 1980లో ఈ చిక్కుకు అనేక చేతుల సమస్య అని పేరుపెట్టాడు. బాధ్యత అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. పై అధికారి ఒక్కడిదే అంటే కింద జరిగినదానికి లెక్క ఉండదు. పై అధికారి బాధ్యత స్వీకరించడానికి ఒక ఉదాహరణ భారత నౌకాదళంలోనే ఉంది. 2014 ఫిబ్రవరి 26న ముంబయి తీరంలో సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్ముకుని ఇద్దరు అధికారులు చనిపోయారు. వరస ప్రమాదాలకు నైతిక బాధ్యత వహిస్తూ నౌకాదళాధిపతి అడ్మిరల్ డి. కె. జోషి అదే రోజు రాజీనామా చేశారు. ఆ చర్యలోని ఉదాత్తత కాదనలేనిది. అయితే రాజీనామా బాధ్యతకు ఒక ముఖం ఇస్తుంది గానీ, ఏ వాల్వు ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

అది చెప్పే పద్ధతి ఇంకో దుర్ఘటన నుంచి పుట్టింది. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ లోతు పరీక్షలో మునిగి 129 మంది చనిపోయారు. ఇంజను గదిలో సముద్రపు నీటి గొట్టం అతుకు ఊడి ఉండవచ్చని విచారణ భావించింది. అంతకు ముందు రేవులో ఉన్నప్పుడు వెండి మిశ్రమంతో అతికిన గొట్టాల అతుకుల్లో 145ని అల్ట్రాసౌండుతో పరీక్షిస్తే దాదాపు 14 శాతం ప్రమాణానికి తక్కువగా తేలాయి. అలాంటి అతుకులు జలాంతర్గామిలో వేలల్లో ఉండగా, మిగతావాటిని పరీక్షించకుండానే దాన్ని సముద్రంలోకి పంపారు. అణు నౌకాదళాన్ని నిర్మించిన అడ్మిరల్ హైమన్ రికోవర్ బాధ్యతను విడగొట్టడానికి వీల్లేదని పట్టుబట్టేవాడు. తప్పు జరిగినప్పుడు బాధ్యుడైన మనిషిని వేలెత్తి చూపలేకపోతే, అక్కడ నిజంగా బాధ్యుడంటూ ఎవరూ లేనట్టేనని ఆయన అభిప్రాయం.

ఆ ఏడాదే మొదలైన సబ్‌సేఫ్ అనే కార్యక్రమం ఈ ఆలోచనను ప్రతి అతుకుకూ అన్వయించింది. నీటి ఒత్తిడిని ఆపే ప్రతి భాగానికీ లిఖిత సాక్ష్యం ఉండాలి. ఏ లోహం, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు, ఫలితం ఏమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. సాక్ష్యం లేకపోతే ఆ భాగం బాగానే ఉందని ఊహించరు, బాగాలేదనే లెక్క. ఇప్పటిదాకా ఏమీ కాలేదన్న వాదనకు ఆ పద్ధతిలో చోటు లేదు, ఎందుకంటే క్షేమంగా ముగిసిన ప్రయాణాన్ని సాక్ష్యం కింద తీసుకోరు. 1968లో 99 మందితో పోయిన అమెరికా జలాంతర్గామి స్కార్పియన్‌కు ఆ ధ్రువీకరణ లేదు. ధ్రువీకరణ పొందిన జలాంతర్గామి ఏదీ ఇప్పటిదాకా సముద్రంలో మునిగిపోలేదు. ఒకసారి ధ్రువీకరణ వచ్చినా అది శాశ్వతం కాదు. రక్షిత పరిధిలో ఒక్క గొట్టాన్ని మరమ్మతు కోసం విప్పినా, దాన్ని తిరిగి బిగించి, పరీక్షించి, ఆ పని చేసినవారు సంతకం పెట్టేదాకా జలాంతర్గామి నీటిలో మునగడానికి అనుమతి ఉండదు.